విదేశాలకు వెళ్తున్నారా? మీ ఇండియా నంబరు పోకుండా ఇలా చూసుకోండి

విదేశం వెళ్లాక ఇంటివాళ్లతో మాట్లాడేది ఎలాగూ వాట్సాప్‌లోనే. ఇండియా నంబరు అవసరమయ్యేది ఓటీపీలకు. బ్యాంకు, ఆధార్, పీఎఫ్, ఆదాయపు పన్ను పోర్టల్ అన్నీ దానికే ముడిపడి ఉంటాయి. అది ఆగిపోతే మన ఖాతాలోకి మనమే వెళ్లలేం. అందుకే ఈ పనుల్లో చాలావరకు విమానం ఎక్కకముందే ముగించాలి.

ముందుగా సిమ్ ఎవరి పేరున ఉందో చూడండి. మన ఇళ్లలో చదువుకునే పిల్లల సిమ్‌లు చాలావరకు నాన్న పేరునే ఉంటాయి. రేపు సిమ్ పోతే కొత్తది ఆయనకే ఇస్తారు, మీకు కాదు. స్టోర్‌కు ఇద్దరూ వెళ్లి మీ పేరుకు మార్పించుకోండి. పోస్ట్‌పెయిడ్ అయితే ప్రీపెయిడ్‌కు మారడం మేలు, నెలనెలా బిల్లు బెడద ఉండదు.

తర్వాత ఆపరేటర్ యాప్‌లో అంతర్జాతీయ రోమింగ్ ఆన్ చేయండి. రోమింగ్‌లో మనకు వచ్చే ఎస్‌ఎంఎస్‌కు సాధారణంగా డబ్బు పడదు. ఎత్తిన కాల్‌కు మాత్రం పడుతుంది, అందుకే ప్యాక్ లేకుండా ఎత్తకండి. ఫోన్‌లో ఈ సిమ్‌కు డేటా రోమింగ్ తప్పకుండా ఆపేయండి. అక్కడ దిగాక ఓటీపీ రాకపోతే, సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్‌ను మీరే ఎంచుకుని చూడండి.

అమెరికా వెళ్లేవాళ్లకు ఒక మాట. అక్కడ అమ్మే ఐఫోన్లలో 14 మోడల్ నుంచి సిమ్ పెట్టే చోటు లేదు. ఇండియా నంబరును ఇ-సిమ్‌గా (కార్డు లేకుండా ఫోన్‌లోనే ఉండే సిమ్) మార్చుకోకపోతే పాత ఫోన్ అమ్మేయకండి.

ఇక రీచార్జ్. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన ప్రకారం 90 రోజులు అసలు వాడని ప్రీపెయిడ్ నంబరును రద్దు చేయవచ్చు. 20 రూపాయల బ్యాలెన్స్ ఉంటే అది తీసుకుని ఇంకో 30 రోజులు ఉంచుతారు. దీన్ని నమ్ముకుని కూర్చోవద్దు. వ్యాలిడిటీ అయిపోతే నంబరు మీ పేరునే ఉన్నా ఓటీపీలు ఆగిపోవచ్చు. 2024 డిసెంబరులో ట్రాయ్ ఆదేశించాక డేటా లేకుండా కాల్స్, ఎస్‌ఎంఎస్‌లకే పరిమితమైన ప్యాక్‌లు వచ్చాయి. మనకు కావలసింది సరిగ్గా అవే. ఏడాదికి దగ్గరగా వ్యాలిడిటీ ఉన్నది చూసి వేసుకోండి, గడువుకు నెల ముందు ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.

సిమ్‌ను అమ్మానాన్నల దగ్గర వదిలి వెళ్లడం చాలామంది చేసే పని. నాకు మాత్రం అది అస్సలు నచ్చదు. మీకు ఓటీపీ కావలసిన వేళకు ఇండియాలో అర్ధరాత్రి అవుతుంది. పైగా బ్యాంకు నుంచి అంటూ ఎవడో ఫోన్ చేస్తే, ఆ పెద్దవాళ్లు కంగారులో ఓటీపీ చెప్పేసే ప్రమాదం ఉంది.

బ్యాంకులో ఈమెయిల్ కూడా నమోదు చేయించండి. ఎన్ఆర్ఐ అయ్యాక మామూలు సేవింగ్స్ ఖాతాను ఎలాగూ ఎన్ఆర్ఓగా (ఎన్ఆర్ఐల ఇండియా ఆదాయానికి ఉండే ఖాతా) మార్చాలి. ఎన్ఆర్ఈ (విదేశీ సంపాదన దాచుకునే ఖాతా), ఎన్ఆర్ఓ ఖాతాలకు విదేశీ నంబరుతోనే యూపీఐ వాడుకునే వీలు 2023లో అమెరికా, బ్రిటన్, యూఏఈ, సింగపూర్ సహా 10 దేశాలవాళ్లకు ఇచ్చారు. మీ బ్యాంకు ఇస్తుందేమో అడగండి.

ఇంత చేసినా నంబరు రద్దయితే వెంటనే బ్యాంకుకు చెప్పి, ఖాతా నుంచి దాన్ని తీయించండి. రద్దయిన నంబరును 90 రోజుల తర్వాత ఇంకొకరికి ఇవ్వవచ్చు. అప్పుడు మీ ఓటీపీలు వాళ్లకు వెళ్తాయి.