పిల్లాడు ముద్ద ముట్టడం లేదా? ముందు పాలగ్లాసు కొలవండి

ఏడాది నుంచి మూడేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో "వీడు ఏమీ తినడు" అనే మాట రోజుకొక్కసారైనా వినపడుతుంది. మాట ఒకటే గానీ దాని వెనక సంగతులు వేరువేరు. కొందరికి ఆకలే ఉండదు. కొందరికి భయం, కొందరికి నొప్పి. మనం మాత్రం అందరికీ ఒకటే వైద్యం చేస్తాం: ఇంకో రకం వండి పెడతాం. నేనూ అదే చేశాను. ఒకే పూట నాలుగు రకాలు వండి, నాలుగూ నేనే తిన్న రోజులున్నాయి. కాబట్టి వంటింట్లోకి వెళ్లేముందు మీ ఇంట్లో కనిపిస్తున్నది కింద వాటిలో ఏదో చూసుకోండి.

నిన్నమొన్నటిదాకా బాగా తినేవాడు, ఏడాది దాటగానే తగ్గించేశాడు

ఇది సమస్యే కాదు, లెక్క. 3 కిలోలతో పుట్టిన బిడ్డ మొదటి పుట్టినరోజుకి 9 కిలోల దాకా వస్తుంది. రెండో ఏడాది మొత్తంలో పెరిగేది మాత్రం 2, 2.5 కిలోలే. ఎదుగుదల నెమ్మదించాక ఆకలీ నెమ్మదిస్తుంది. మన కళ్లు మాత్రం పాత కొలతకే అలవాటుపడి ఉంటాయి.

ఒక్కో పదార్థం ఏడాది వయసుకి ఒక టేబుల్ స్పూన్ చొప్పున వడ్డించండి. రెండేళ్ల పిల్లకి రెండు స్పూన్ల కూర చాలు, అడిగితే మళ్లీ వేయొచ్చు. ఒక పూట తిన్నది చూసి బెంగపడకుండా వారం మొత్తం మీద చూడండి. సోమవారం పస్తున్నట్టే ఉండి, బుధవారం రెండింతలు లాగించడం ఈ వయసులో మామూలే.

రెండు ముద్దలకే లేచిపోతాడు, అరగంటకి బిస్కెట్ అడుగుతాడు

నా అనుభవంలో ఎక్కువ ఇళ్లలో అసలు దొంగ ఇక్కడే దొరుకుతాడు. మూడు రోజుల పాటు నోట్లోకి వెళ్లిన ప్రతిదీ టైముతో సహా రాయండి. బుజ్జగించడానికి ఇచ్చిన బిస్కెట్ ముక్క, నిద్రలో పట్టిన పాలసీసా కూడా. మా చిన్నదానికి రెండేళ్లప్పుడు నేను రాసిన కాగితంలో ఒక రోజు ఇలా ఉంది: 6 గంటలకి పాలు 200, 8:30కి గుడ్డు రెండు కొరుకులు, 10కి పాలు 150, 11:30కి బిస్కెట్లు రెండు, 12:15కి భోజనం "ముట్టలేదు". సాయంత్రం 200, పడుకునేముందు ఇంకో 200. పాలే 750 మి.లీ. "ఏమీ తినని" పిల్ల పొద్దస్తమానం కడుపు నింపుకుంటూనే ఉంది!

ఈ వయసులో రోజుకి అర లీటరు పాలు దాటకుండా చూడండి. పాలు మంచివే కానీ వాటిలో ఐరన్ దాదాపు లేదు. పైగా మిగతా తిండిలోని ఐరన్‌ని ఒంటికి సరిగా పట్టనివ్వవు. పాలతోనే కడుపు నిండే పిల్లలకి రక్తహీనత రావచ్చు, రక్తహీనత ఆకలిని ఇంకా చంపుతుంది. పళ్లరసమైతే 120 మి.లీ. మించకూడదు, అసలు ఇవ్వకపోయినా నష్టం లేదు.

పాలు భోజనంతో పాటు గానీ, భోజనం తర్వాత గానీ, గ్లాసులో ఇవ్వండి. సీసా మాన్పించండి. తిండికీ తిండికీ మధ్య రెండున్నర, మూడు గంటల ఎడం ఉంచి, ఆ మధ్యలో మంచినీళ్లు తప్ప ఏమీ పెట్టకండి. మొదటి నాలుగైదు రోజులు పేచీ ఖాయం. అప్పుడు కరగకుండా ఉండాల్సింది పెద్దవాళ్లే, ముఖ్యంగా చాటుగా బిస్కెట్ అందించేవాళ్లు.

కొత్తది కనిపిస్తే మొహం తిప్పేస్తాడు

ఒకటిన్నర, రెండేళ్లు వచ్చేసరికి తెలియని తిండంటే జంకు మొదలవుతుంది. నడక వచ్చిన బిడ్డ కనిపించిందల్లా నోట్లో పెట్టుకోకుండా కాపాడే జంకు అది. చేదు పెద్దల కంటే పిల్లల నాలుకకి ఎక్కువ తెలుస్తుంది కాబట్టి ముందు తిరస్కరించేది కూరగాయల్నే.

ఒక కొత్త రుచి అలవాటు కావడానికి 8 నుంచి 15 సార్లు ఎదురుపడాలి. మనం మూడోసారికే "వీడికి పడదు" అని తేల్చేస్తాం. ఎదురుపడటమంటే తినడమే అనుకోవద్దు. మా ఇంట్లో ఉడికించిన క్యారెట్ ముక్క కథ చెప్తాను. మొదటి రోజు కంచంలోంచి నేలమీదికి వెళ్లింది. నాలుగో రోజు పిల్ల దాన్ని వేలితో నొక్కి చూసింది. ఆ తర్వాతెప్పుడో నాలుక కొసకి తగిలించి, చెయ్యి చొక్కాకి తుడుచుకుంది. ఇంకో రోజు కొరికి, నమిలి, నా అరచేతిలో ఉమ్మింది. పదకొండోసారో పన్నెండోసారో మింగేసి, ఏమీ జరగనట్టు ఇంకోటి తీసుకుంది. ఉమ్మిన రోజు నేను కసురుకుని ఉంటే అక్కడితో ఆగిపోయేది.

బొటనవేలి గోరంత ముక్క, ఎప్పుడూ ఇష్టంగా తినే దాని పక్కన పెట్టండి. దాని ఊసెత్తకండి. అదే కూర మీరూ ఎదురుగా కూర్చుని తినండి.

చెంచా చూడగానే నోరు బిగించేస్తాడు

తిండి కాస్తా యుద్ధమైపోయిందన్నమాట. 2006లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో బడి ఈడుకి ముందున్న పిల్లలకి సూప్ ఇచ్చి, కొన్నిసార్లు పూర్తి చెయ్యమని ఒత్తిడి చేశారు. ఒత్తిడి లేనప్పుడే పిల్లలు ఎక్కువ తాగారు. ఎలిన్ శాటర్ అనే అమెరికన్ పోషకాహార నిపుణురాలు పనులు ఇలా పంచింది: ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది పెద్దలది, తినాలా వద్దా, ఎంత అన్నది బిడ్డది. వినడానికి తేలిక, రెండో సగం ఆచరించడం మహా కష్టం.

బతిమాలడం, బెదిరించడం, "ఇది తింటే చాక్లెట్" అనడం, మూడూ మానేయండి. చాక్లెట్ బేరంతో కూర శిక్షలా, తీపి బహుమతిలా కనిపిస్తుంది. 20, 30 నిమిషాలు చూసి, మాట్లాడకుండా కంచం తీసేయండి. ఫోన్ చూపిస్తే ముద్దలు దిగుతాయి, నిజమే. కడుపు నిండిన సంగతి మాత్రం బిడ్డకి తెలియదు.

ముద్ద బుగ్గన పెట్టుకుంటాడు, మెత్తనిదే కావాలంటాడు

చిగుళ్లు చూడండి. మొదటి దవడ పళ్లు 13–19 నెలల్లో, రెండోవి 23–33 నెలల్లో వస్తాయి. అప్పుడు చల్లగా, మెత్తగా పెట్టండి. విరేచనం గట్టిగా అవుతోందేమో కూడా చూసుకోండి, మలబద్ధకం ఆకలిని మూసేస్తుంది. పళ్లు రాకపోయినా ఇలాగే ఉంటే గుజ్జు నుంచి మెదిపినదానికి, దాన్నుంచి మెత్తటి ముక్కలకి మెల్లగా రండి. నాలుగేళ్లు నిండేదాకా గింజలు, పాప్‌కార్న్, పచ్చి క్యారెట్ ముక్కలు, కొయ్యని ద్రాక్ష వద్దు. గొంతుకి అడ్డం పడతాయి.

డాక్టర్ దగ్గరకి ఎప్పుడు

బరువు తగ్గుతున్నా, నెలల తరబడి పెరగకపోయినా, తిన్నప్పుడల్లా పొలమారుతున్నా, వాంతులవుతున్నా, మట్టి, ఐస్ తింటున్నా, ఒళ్లు పాలిపోయినా, తినే రకాలు 20 లోపే ఉండి అవీ ఒక్కొక్కటిగా తగ్గిపోతున్నా ఆలస్యం చేయకండి. మూడు రోజుల కాగితం వెంట తీసుకెళ్లండి. ఆకలి పుట్టిస్తాయని చెప్పే సిరప్పులు మాత్రం సొంతంగా కొనొద్దు. వాటిలో కొన్నిట్లో ఉండే సైప్రోహెప్టడిన్ నిజానికి ఎలర్జీ మందు, మత్తుగా నిద్ర పుట్టిస్తుంది.