కింది గదిలో రాడాన్: ఎలా కనిపెట్టాలి, ఎలా తగ్గించాలి

సమస్య: కింది ఇంట్లో పడగ్గది. ఏసీ కోసమనో దోమలనో కిటికీలు ఎప్పుడూ మూసే ఉంటాయి. బండల సందుల్లో సిమెంటు రాలిపోయింది. గోడ, నేల కలిసే చోట పగులు. తలుపు తీస్తే ముక్కిన వాసన.

ఆ వాసన రాడాన్‌ది కాదు. రాడాన్ అంటే నేలలోంచి వచ్చే రేడియోధార్మిక వాయువు, దానికి రంగూ వాసనా లేవు. కానీ గాలి ఆడని చోటే అది పేరుకుంటుంది. ఒంట్లో లక్షణం కోసం మాత్రం దయచేసి ఎదురుచూడొద్దు. దగ్గు, ఆయాసం, కఫంలో రక్తం కనిపించాయంటే, చాలా ఏళ్లుగా జరుగుతున్న నష్టం అప్పటికే క్యాన్సర్‌గా మారి ఉండొచ్చు.

కారణం: మన కాళ్ల కింది రాయి. తిరుమల ఘాట్ రోడ్డులో క్వార్ట్‌జైటు అనే గట్టి రాతి పొర కింద బయటపడే పాత గ్రానైటు చిత్తూరు వైపు చాలా దూరం పరుచుకుని ఉంది. గ్రానైటులో కొద్దిపాటి యురేనియం సహజంగానే ఉంటుంది. అది రేడియంగా, రేడియం రాడాన్ వాయువుగా మారుతుంది. ఆ వాయువు పగుళ్లలోంచి ఇంట్లోకి వస్తుంది. దాని నుంచి పుట్టే పొలోనియం అనే రేడియోధార్మిక పదార్థం ఊపిరితిత్తుల్లో అతుక్కుని ఆల్ఫా కణాలతో డీఎన్ఏను దెబ్బతీస్తుంది. ఘనపు మీటరు గాలిలో రాడాన్ 100 బెక్వెరెల్స్ (రేడియోధార్మికతను కొలిచే యూనిట్) పెరిగిన కొద్దీ ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు సుమారు 16 శాతం పెరుగుతుంది. సిగరెట్, బీడీ తాగేవాళ్లకు రాడాన్ ముప్పు మరెన్నో రెట్లు ఎక్కువ.

వంటింటి గ్రానైటు గట్టు గురించి టెన్షన్ పడి పగలగొట్టించకండి. దాని నుంచి వచ్చేది మామూలుగా చాలా తక్కువ.

పరిష్కారం: ముందు కొలవాలి. ఆల్ఫా ట్రాక్ డిటెక్టర్ అని చిన్న డబ్బా ఉంటుంది, కరెంటు అక్కర్లేదు. పడుకునే గదిలో కనీసం మూడు నెలలు ఉంచి ల్యాబుకు పంపాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే హద్దు 100 బెక్వెరెల్స్. 300 దాటితే ఆలస్యం చేయకూడదు.

ఎదురెదురు కిటికీలు తెరవడం ఈ రోజే చేయొచ్చు, కానీ మూస్తే మళ్లీ మొదటికొస్తుంది. పగుళ్లు పూడ్చడం అవసరమే, అదొక్కటే చాలదు. నమ్మకమైన మార్గం, నేల కింది నుంచి మిద్దె పైదాకా పైపు వేసి, ఫ్యాన్‌తో ఆ గాలిని బయటికి లాగెయ్యడం. కొత్త ఇల్లు కడుతున్నవాళ్లు కంకర, ప్లాస్టిక్ షీటు, పైపు ముందే వేయించుకుంటే ఖర్చు బాగా తగ్గుతుంది.

బోరు నీళ్లు వాడే ఇల్లయితే బాత్‌రూమ్‌లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించండి. నీళ్లలో కరిగిన రాడాన్ స్నానం చేసేటప్పుడు గాలిలో కలుస్తుంది. తిరుపతి దగ్గరి కళ్యాణి డ్యామ్ లాంటి చెరువు, జలాశయాల నీళ్లలో ఆ బాధ దాదాపు ఉండదు.

దగ్గు రెండు వారాలు దాటితే టీబీ పరీక్ష చేయించుకోండి. టీబీ మందులు వాడుతున్నా తగ్గకపోతే, క్యాన్సర్ అనుమానం తీరడానికి సీటీ స్కాన్ అవసరమా అని డాక్టర్‌ని అడగండి.