మిత్సుబిషి ఏ సిరీస్ పీఎల్‌సీ: సీరియల్‌లో మాడ్యూల్ బఫర్ మెమరీ చదివితే తప్పు అంకెలు వస్తుంటే

జీడిమెట్ల, బాలానగర్ షెడ్లలో ఏ1ఎస్ ర్యాకులు (ఏ సిరీస్ పీఎల్‌సీలు, అంటే యంత్రాలను నడిపే కంట్రోలర్లు) ఇంకా నడుస్తూనే ఉన్నాయి. కంప్యూటర్‌ని పీఎల్‌సీకి సీరియల్‌గా కలిపే సీ24 కంప్యూటర్ లింక్ మాడ్యూల్ ద్వారా, 1సీ ఫ్రేమ్‌లో (సందేశం రాసే ఒక పద్ధతి) టీఆర్ అనే చదివే కమాండ్‌తో, సెన్సర్ కరెంటును అంకెగా మార్చే అనలాగ్ మాడ్యూల్ బఫర్ మెమరీ చదివేవాళ్ల కోసం ఇది. కామ్ పోర్టు తెరవడం, హెక్స్ లెక్కలు మీకు వచ్చనే అనుకుంటున్నాను.

అసలు జవాబే రావడం లేదు

సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లకండి. ముందు సీ24 మీది మోడ్ స్విచ్ చూడండి. మీ ఫ్రేమ్ ఏ ఫార్మాట్‌లో ఉందో స్విచ్ కూడా అక్కడే ఉండాలి. ఫార్మాట్ 4 అయితే చివర సీఆర్, ఎల్ఎఫ్ (వరస ముగింపు గుర్తులు) తప్పనిసరి. స్విచ్ తిప్పాక సీపీయూ రీసెట్ చేయకపోతే పాత సెట్టింగే నడుస్తుంది. ఈ ఒక్క పని చేయకుండా సగం రోజు కేబుల్ మారుస్తూ కూర్చునేవాళ్లే ఎక్కువ. కోఠి గుజరాతీ గల్లీలో కొన్న కనెక్టర్లతో మూడు వైర్ల కేబుల్ కట్టుకుంటే, సీ24 వైపు 9 పిన్‌ల కనెక్టర్‌లో 7-8 పిన్‌లను కలపండి, 1-4-6 పిన్‌లనూ కలపండి.

నాక్ వస్తోంది

నాక్ అంటే కమాండ్‌ని తిరస్కరించే జవాబు. దాని వెనకాలే వచ్చే కోడ్ చదవండి. 02 అంటే సమ్ చెక్ (ఫ్రేమ్‌లోని అక్షరాల కూడికతో సరిచూసుకునే అంకె) తప్పు. 10 అంటే పీసీ నంబరు (ఇక్కడ పీసీ అంటే పీఎల్‌సీ) తప్పు, సీ24 ఉన్న సొంత స్టేషన్‌కి ఎఫ్ఎఫ్ పెట్టాలి.

జవాబు సక్రమంగా వస్తోంది, అంకెలు మాత్రం తప్పు

అసలు చిక్కు ఇక్కడే. సమ్ చెక్ సరిపోతుంది, ఎర్రర్ రాదు, ఏదో ఒక అంకె కనిపిస్తుంది. కాబట్టి అందరూ సెన్సర్‌ని, వైరింగ్‌ని అనుమానిస్తారు. తప్పు అడ్రస్‌లో ఉంటుంది.

ల్యాడర్‌లో (పీఎల్‌సీ ప్రోగ్రాంలో) మాడ్యూల్ మెమరీ చదివే ఫ్రమ్ ఇన్‌స్ట్రక్షన్‌కి ఇచ్చే అడ్రస్ వర్డ్ (రెండు బైట్ల) లెక్క. టీఆర్‌కి ఇచ్చేది బైట్ లెక్క. పైగా ఒక్కో మాడ్యూల్‌కి ఒక్కో అదనపు విలువ కలపాలి: అనలాగ్ మాడ్యూళ్లలో ఏ1ఎస్64ఏడీకి హెక్స్ 10, ఏ68ఏడీకి హెక్స్ 80.

ఏ1ఎస్64ఏడీలో మొదటి ఛానల్ విలువ అడ్రస్ 10లో ఉంటుంది. 10ని రెట్టింపు చేస్తే 20, అంటే హెక్స్ 14. దానికి హెక్స్ 10 కలిపితే హెక్స్ 24. నాలుగు ఛానళ్లకు ఎనిమిది బైట్లు. మాడ్యూల్ ఐఓ (ఇన్‌పుట్-అవుట్‌పుట్) నంబర్లలో 80 నుంచి 9ఎఫ్ వరకు కూర్చుందనుకోండి. మాడ్యూల్ నంబరు 08 కాదు, 09. చివరి ఐఓ నంబరును మూడంకెలుగా (09ఎఫ్) రాసి మొదటి రెండూ తీసుకోవాలి. ఈఎన్‌క్యూ (ఫ్రేమ్ మొదలు చెప్పే గుర్తు) తర్వాత వరసగా వెళ్లేది ఇది:

00 – ఎఫ్ఎఫ్ – టీఆర్ – 0 – 00024 – 08 – 09 – 89

ఇవి వరసగా స్టేషన్ నంబరు, పీసీ నంబరు, కమాండ్, మెసేజ్ వెయిట్, అడ్రస్, బైట్ల సంఖ్య, మాడ్యూల్ నంబరు; చివరి 89 సమ్ చెక్. ఖాళీలు, గీతలు చదవడానికే, పంపకూడదు.

అదనపు విలువ మర్చిపోయి 00014 పంపితే వచ్చేవి అడ్రస్ 2 నుంచి 5 దాకా ఉన్న యావరేజింగ్ (సగటు తీసే) సెట్టింగులు. గుర్తుపట్టడం తేలిక: లూప్ కరెంటు (సెన్సర్ నుంచి వచ్చే కరెంటు) మార్చినా అంకె కదలదు.

అంకె కదులుతోంది కానీ ఎగిరెగిరి పడుతోందా? బైట్ల వరస చూడండి. టీఆర్‌లో కింది బైటు ముందు వస్తుంది. 4-20 మిల్లీయాంపుల రేంజిలో 10.4 మిల్లీయాంపులు ఇస్తే, 1/4000 రిజల్యూషన్‌లో విలువ 1600, హెక్స్‌లో 0640. మీకు అందేది 4006. అలాగే మార్చేస్తే 16390 అవుతుంది.

ఊహలతో పని లేకుండా తేల్చుకోవాలంటే, ల్యాడర్‌లో ఫ్రమ్‌తో అవే నాలుగు వర్డ్‌లు డీ100 (సీపీయూ డేటా రిజిస్టర్) నుంచి మొదలుపెట్టి తెచ్చి, వర్డ్‌లు చదివే డబ్ల్యూఆర్ కమాండ్‌తో డీ0100 చదవండి. అక్కడ 0640 సరిగ్గా వస్తే సెన్సర్, మాడ్యూల్ రెండూ బాగున్నట్టే. ఇక సరిచేయాల్సింది మీ టీఆర్ అడ్రస్సో, బైట్ల వరసో.

మిగతావి

ఒక్కసారికి 128 బైట్లు దాటి అడగకండి. సీరియల్ కేబుల్‌లో నాయిస్ ఉంటే విలువ తప్పుగా రావడం కంటే ముందు సమ్ చెక్కే తప్పుతుంది. మాడ్యూల్ మెమరీయే పాడవడం చాలా అరుదు. డీ100లో కూడా తప్పే కనిపిస్తే తప్ప కొత్త కార్డు కోసం వెతకొద్దు.