లిపో బ్యాటరీ పాఠాలు – 3: ఒక్కో సెల్‌ను విడిగా చదవడం

పోయిన పాఠంలో డ్రోన్‌కు వాడే లిపో (లిథియం పాలిమర్) ప్యాక్‌ను 1సి లెక్కన, అంటే దాని కెపాసిటీ అంకెకు సమానమైన కరెంటుతో, చార్జింగ్ పెట్టడం చూశాం: 1500 ఎంఏహెచ్ ప్యాక్‌కు 1.5 ఆంపియర్లు. ఈసారి ప్యాక్ లోపల ఏ సెల్ ఎలా ఉందో చూద్దాం.

4ఎస్ ప్యాక్‌లో నాలుగు సెల్స్ వరుసగా కలిపి ఉంటాయి. నిండా చార్జయితే ఒక్కోటి 4.2 వోల్టులు, మొత్తం 16.8. డ్రోన్ దిగాక మొత్తం 14.4 చూపించిందనుకోండి. నాలుగుతో భాగిస్తే 3.6. ఫర్వాలేదులే అనిపిస్తుంది. అదే ప్యాక్‌కు సెల్ చెకర్ (ఒక్కో సెల్ వోల్టేజిని విడిగా చూపే చిన్న మీటర్) పెడితే 3.72, 3.71, 3.73, 3.24 రావచ్చు. కూడితే అదే 14.4! ఆ నాలుగో సెల్ అప్పటికే దాదాపు ఖాళీ. ఇంకాస్త ఎగరేసి, థ్రాటిల్ గట్టిగా ఇచ్చారంటే అది 3.0 కిందికి జారిపోతుంది. మొత్తం వోల్టేజి మాత్రం బాగానే కనిపిస్తూ ఉంటుంది. అలా పదేపదే అడుగంటిన సెల్ లోపల రసాయనం దెబ్బతిని, గ్యాస్ పుట్టి ఉబ్బుతుంది.

చెకర్ పెట్టే తీరు: 4ఎస్‌కు తెల్లటి బ్యాలెన్స్ కనెక్టర్‌లో ఐదు సన్నని వైర్లుంటాయి. నల్ల వైరు చెకర్ మీది మైనస్ గుర్తు వైపు రావాలి. తీసేటప్పుడు వైర్లు పట్టి లాగకండి, తెల్ల ప్లాస్టిక్‌ను పట్టుకునే లాగండి. ఒక్క వైరు ఊడి పక్కదానికి తగిలినా షార్టయి నిప్పురవ్వలు లేస్తాయి. దిగిన వెంటనే చూడకుండా ఐదారు నిమిషాలు ఆగండి. లోడు తగ్గాక వోల్టేజి కాస్త పైకి లేచి నిలబడుతుంది.

తేడా ఎంతుంటే చెడ్డది? ఇక్కడే చాలామంది తొందరపడి మంచి ప్యాక్‌ను పక్కన పడేస్తారు. చార్జి అడుగుకు చేరినప్పుడు వోల్టేజి నిటారుగా పడిపోతుంది కాబట్టి, కెపాసిటీలో చిన్న తేడా కూడా అక్కడ పెద్దగా కనిపిస్తుంది. అందుకే తీర్పు ఒక్కసారికే చెప్పకండి. బ్యాలెన్స్ చార్జి (సెల్స్ అన్నిటినీ ఒకే వోల్టేజికి తెచ్చే చార్జింగ్) చేశాక సెల్స్ మధ్య తేడా 0.01, 0.02 వోల్టులు దాటకూడదు. తర్వాత ప్రతిసారీ ఒకే సెల్ మిగతావాటికంటే బాగా వెనకబడుతుంటే, లేదా స్టోరేజ్‌లో ఉంచిన వారానికే అదొక్కటే దిగిపోతుంటే, ఆ ప్యాక్‌ను ఇక ఎగరేయకండి. చార్జర్ ఇంటర్నల్ రెసిస్టెన్స్ (సెల్ లోపల కరెంటుకు ఎదురయ్యే అడ్డు) కూడా చూపిస్తే ఇంకా మంచిది: చెడుతున్న సెల్‌కు మిల్లీఓములు మిగతావాటికంటే ఎక్కువుంటాయి. చల్లటి ప్యాక్‌లో అన్ని సెల్స్‌కూ ఈ అంకె పెరుగుతుంది కాబట్టి, ఎప్పుడూ గది వేడిమి దగ్గరే కొలవండి.

రెండు మూడు రోజుల్లో ఎగరేయకపోతే చార్జర్‌లోని స్టోరేజ్ మోడ్‌లో సెల్‌కు 3.8 నుంచి 3.85కి తెచ్చి ఉంచండి. 4.2 దగ్గర నిండుగా వదిలేస్తే, అందులోనూ వేడి చోట, ఎలక్ట్రోలైట్ త్వరగా విచ్ఛిన్నమవుతుంది.

వచ్చే పాఠానికి అభ్యాసం: ప్యాక్‌ల మీద మార్కర్‌తో నంబర్లు వేయండి. ఐదు ఫ్లైట్ల పాటు, చార్జి పూర్తయ్యాక ఒకసారి, దిగాక ఒకసారి, నాలుగు సెల్స్ అంకెలూ నోటుబుక్కులో రాయండి. ఉబ్బిన ప్యాక్‌ను ఏం చేయాలో ఆ అంకెలు ముందు పెట్టుకునే మాట్లాడుకుందాం.