అండం ఇంక్యుబేటర్‌లో పక్వం కాకపోతే: తప్పు ఎక్కడ వెతకాలి

ల్యాబ్‌లో పిండాలు తయారుచేయడానికి కబేళా అండాశయాల నుంచి తీసి, పక్వం కావడానికి 24 గంటలు 38.5 డిగ్రీల్లో ఉంచిన గేదె అండాలు. పొద్దున మైక్రోస్కోప్ కింద చూస్తే, చుట్టూ ఉన్న క్యుములస్ కణాలు జిగురుగా విచ్చుకోవాల్సింది పోయి నిన్నటిలాగే బిగుసుకుని ఉన్నాయి. వెంటనే అందరి అనుమానం హార్మోన్ మీదికే పోతుంది. కొత్త ఎఫ్‌ఎస్‌హెచ్ (అండం పక్వం కావడానికి కలిపే ఆ హార్మోన్) తెప్పించే ముందు, కబేళా నుంచి అండాశయాలు ఎలా వచ్చాయో అడగండి.

నెల్లూరు ఎండల సంగతి తెలిసిందే. మేము ఒక రోహిణి కార్తెలో, బైక్ డబ్బాలో వచ్చే ప్లాస్టిక్ క్యాన్‌లో థర్మామీటర్ వేసి పంపాం. బయలుదేరేటప్పుడు 35, మా బల్ల మీదికి వచ్చేసరికి 42. అక్కడే సగం అండాలు పోయాయి, మేమేమో మీడియం (అండాలను ఉంచే పోషక ద్రవం) మారుస్తూ కూర్చున్నాం! అప్పట్నుంచి థర్మాస్ ఫ్లాస్క్, అందులో యాంటీబయాటిక్ కలిపిన 0.9 శాతం సెలైన్, 30–35 డిగ్రీలు. నాలుగు గంటల్లోపు ల్యాబ్‌కు చేరాలి. వేడికి భయపడి ఐస్ మాత్రం పెట్టకండి. గేదె అండంలో కొవ్వు ఎక్కువ, చలికి అసలు తట్టుకోదు.

మీడియంలో పీహెచ్ చూపే రంగు ఉంటుంది. అది వంకాయ రంగుకు తిరిగిందా? కార్బన్ డయాక్సైడ్ చాలక పీహెచ్ పెరిగింది. మీడియం చుక్కలు ముందే వేసి, నూనె కప్పి, కనీసం రెండు గంటలు ఇంక్యుబేటర్‌లో ఉంచాకే అండాలు వేయండి. బయట కడిగేటప్పుడు హెపీస్ (బయటి గాలిలో కూడా పీహెచ్ నిలబెట్టే రసాయనం) ఉన్న మీడియం వాడండి. డిస్‌ప్లేలో కార్బన్ డయాక్సైడ్ 5 శాతం అని ఉంది కదా అని నమ్మొద్దు, వేరే మీటర్‌తో కొలవండి. కరెంటు పోయొచ్చిన రోజు తప్పనిసరిగా కొలవాలి. పసుపు రంగుకు తిరిగి మబ్బుగా ఉంటే బ్యాక్టీరియా చేరినట్టే, పారబోయండి.

కణాలు చక్కగా విచ్చుకున్నాయి, పోలార్ బాడీ (కేంద్రకం పక్వమైతే అండం బయటికి విడిచే చిన్న కణం) మాత్రం లేదంటే ఎంపికలో తేడా. పైన విచ్చుకున్నంత మాత్రాన లోపల కేంద్రకం పక్వమైనట్టు కాదు. 2 నుంచి 8 మిల్లీమీటర్ల ఫాలికిల్స్ (అండాశయంలో అండం ఉండే నీటి బుడగలు) నుంచే తీయండి. కనీసం మూడు వరుసల కణాలు, లోపల ఒకే తీరుగా ఉన్న పదార్థం ఉన్నవే ఉంచుకోండి. గేదె అండాశయంలో దొరికేవే తక్కువ కాబట్టి చుట్టూ కణాలు లేని బోడి అండాన్ని పారేయడానికి చెయ్యి రాదు, అయినా పారేయాల్సిందే.

ఒంగోలు ఆవులతో పని అయితే కబేళా మాటే లేదు. బతికున్న ఆవు నుంచి అల్ట్రాసౌండ్ చూస్తూ, పంపుకు కలిపిన సూదితో అండాలు లాగాలి. అక్కడ బోడి అండాలు ఎక్కువగా వస్తుంటే ముందు పంపు వాక్యూమ్ తగ్గించి చూడండి.