కంతులు కడుతున్నా బాకీ తగ్గడం లేదా? ముందు ఈ ఒక్క లెక్క చూడండి

తిరుపతిలో పొదుపు సంఘాలకు పుస్తకాలు రాయడం నా పని. సంఘం లెక్క ముగించి సంచి సర్దుకుంటుంటే ఎవరో ఒకరు వెనక ఆగిపోతారు. "అక్కా, ఒక్క నిమిషం. నాది కూడా చూడవా?" అంటారు. అది సంఘం అప్పు కాదు, సొంత అప్పు. క్రెడిట్ కార్డు, పర్సనల్ లోను, తాకట్టు నగ, ఫోను కంతులు. నెలనెలా కడుతూనే ఉంటారు. అయినా బాకీ తరగదు, చేతిలో రూపాయి నిలవదు. "నా చెయ్యి ఊరుకోదక్కా, ఏదో ఒకటి కొనేస్తా" అని తమను తామే తిట్టుకుంటారు.

ఈ తిట్టుకోవడం చూస్తే నాకు బాధేస్తుంది. ఎందుకంటే చాలా ఇళ్ళల్లో అసలు తప్పు చేతిది కాదు, డబ్బు పోయే దారిది. దారి మార్చకుండా మనసును ఎంత తిట్టినా ఏం లాభం? ఖర్చులు రాసుకోవడం, బడ్జెట్ వేసుకోవడం మీకు తెలుసనే అనుకుని రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు

ఒక కాగితం తీసుకోండి. ఈ రోజుకు మీరు ఉన్న బాకీ మొత్తం రాయండి. పోయిన నెల ఇదే తేదీకి ఎంత ఉందో పక్కన రాయండి. అంతే.

ఈ పని దాదాపు ఎవరూ చేయరు. కంతు ఎంత అంటే టక్కున చెప్తారు, "ఆరు వేల ఎనిమిది వందలు" అని. మొత్తం బాకీ ఎంత అంటే మాట రాదు. ఫోనులోనే ఉంటుంది కదా, తీయమ్మా అంటే "తర్వాత చూస్తాలే అక్కా" అంటారు. ఆ అంకె చూడాలంటే భయం. నాకు తెలుసు ఆ భయం. కానీ అది చూడకుండా చెప్పే సలహా ఏదైనా గుడ్డిగా వేసిన మాత్రే. దయచేసి ఈ మెట్టు దాటేయకండి.

రెండు అంకెలకూ తేడా మీరు కట్టిన దాంట్లో సగమో అంతకన్నా ఎక్కువో ఉంటే అప్పు దారిలోనే ఉంది, మీ ఇబ్బంది రోజువారీ డబ్బుది. తేడా సున్నాకు దగ్గరగా ఉంటే, లేదా బాకీ పెరిగి ఉంటే, మధ్యలోవి వదిలేసి నేరుగా కింద 'చెలమ అప్పు' అని రాసిన చోటికి వెళ్ళండి. కట్టే కొద్దీ మళ్ళీ ఊరే అప్పుకు నేను పెట్టుకున్న పేరు అది.

ఇంకో మాట. చిల్లర ఖర్చులు బ్యాంకు పాస్‌బుక్కులో వెతికి "ఏమీ లేదే" అనుకోకండి. చిన్న చెల్లింపుల కోసం ముందే కొంత డబ్బు వేసి పెట్టుకునే యూపీఐ లైట్ వాడేవాళ్ళకు ఒక్కో టీ, ఒక్కో టిఫిన్ అందులో విడిగా పడదు. లైట్‌లోకి వేసిన మొత్తం మాత్రమే పడుతుంది. విడివిడి లెక్క కావాలంటే మీరు వాడే యాప్‌లోనే చూడాలి.

జీతం పడిన వారానికే ఖాతా ఖాళీ

కారణం సులువు. కంతుల డబ్బు, ఇంటి డబ్బు ఒకే ఖాతాలో కలిసి ఉంటాయి. ఒక కంతు 3న, ఒకటి 7న, ఇంకొకటి 18న. ఖాతాలో 20,000 కనిపిస్తుంటే అందులో 11,000 మనది కాదని ఎవరికి గుర్తుంటుంది? ఇంకో ఖాతా తీసుకోండి. దానికి యూపీఐ పెట్టకండి, కార్డు తీసుకోకండి. జీతం పడిన రోజే కంతుల డబ్బంతా అందులోకి మార్చేసి, కంతులన్నీ ఆ ఖాతా నుంచే పోయేలా చేయండి. తేదీలు జీతం తర్వాతి వారానికి మార్చమని అప్పు ఇచ్చినవాళ్ళను అడగండి. కొన్నిచోట్ల మారుస్తారు, మనమే అడగం.

రాత్రి పడుకునే ముందు ఫోనులో కొనడం

యాప్‌లో కార్డు సేవ్ అయి ఉంటుంది, వేలు పెడితే చాలు కొనేసినట్టే. సేవ్ చేసిన కార్డు తీసేయండి, నోటిఫికేషన్లు ఆపేయండి. కావాలనిపించింది కార్ట్‌లో వేసి ఆదివారం పగలు చూడండి. "ఆఫర్ పోతుందక్కా" అంటారు. పోనివ్వండి, ఇంకోటి వస్తుంది.

రెండు నెలలు బాగానే ఉండి, మూడో నెల అంతా తలకిందులు

దీన్ని కూడా "నాకు కంట్రోల్ లేదు" అని రాసుకుంటారు. మన ఊళ్ళో ఇది చాలావరకు కంట్రోల్ సంగతి కాదు, చుట్టాల సంగతి. తిరుపతిలో ఇల్లుందంటే ఏడాది పొడుగునా దర్శనానికి ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. స్టేషన్‌కు ఆటో, రెండు పూటల భోజనం, కొండకు బండి, పోయేటప్పుడు పిల్లల చేతిలో ఏదో ఒకటి. ఇంటికొచ్చిన వాళ్ళకు లేదనలేం, అనకూడదు కూడా. దీనికి తోడు మే నెలలో గంగమ్మ జాతర, బ్రహ్మోత్సవాలు, తిరుచానూరు పంచమి తీర్థం, మధ్యలో పెళ్ళి చదివింపులు. ఇవేవీ చెప్పాపెట్టకుండా వచ్చేవి కావు. క్యాలెండర్‌లో ముందే ఉన్నవే.

పోయిన ఏడాది చుట్టాలకు, పండగలకు, పెళ్ళిళ్ళకు అయింది గుర్తున్నంత వరకు రాసి 12తో భాగించండి. ఆ మొత్తం నెలనెలా విడిగా తీసిపెట్టండి. కంతు ఎంత తప్పనిసరో ఇదీ అంతే తప్పనిసరి. ఇది పక్కన పెట్టకుండా ఉన్నదంతా అప్పుకే కట్టేసేవాళ్ళు చుట్టాలు దిగిన రోజున మళ్ళీ కార్డు తీస్తారు.

కడుతున్నా బాకీ కదలదు: చెలమ అప్పు

ఇక్కడ నింపాదిగా చదవండి. నన్ను ముంచింది ఇదే.

ఎండాకాలం స్వర్ణముఖి ఇసుకలో చెలమ తీసినవాళ్ళకు తెలుస్తుంది. నీళ్ళు తోడే కొద్దీ అడుగు నుంచి ఊరుతూనే ఉంటాయి. ఎంతసేపు తోడినా చెలమ ఎండదు. అప్పుల్లోనూ ఇలాంటివి ఉన్నాయి. పర్సనల్ లోను కుండలో నీళ్ళలాంటిది, తోడిన కొద్దీ తగ్గి ఒకనాటికి అడుగు కనిపిస్తుంది. క్రెడిట్ కార్డు చెలమ. మీరు 5,000 కట్టగానే లిమిట్ ఆ మేరకు మళ్ళీ తెరుచుకుంటుంది. యాప్ తెరిస్తే బాకీ కంటే ముందు "వాడుకోదగ్గ మొత్తం" కనిపిస్తుంది. కంటికి అది మన డబ్బులాగే ఉంటుంది.

మా వీధి అబ్బాయి ఒకడు ఎయిర్ బైపాస్ రోడ్డులో ఒక షోరూంలో పనిచేస్తాడు. వాళ్ళమ్మే వెంటబెట్టుకుని వచ్చింది. కార్డు బాకీ 60,000. నెలకు 5,000 చొప్పున కడుతున్నాడు. "ఆరు నెలలుగా కడుతున్నానక్కా, 60,000 అలాగే ఉంది. నేను పెద్దవేవీ కొనలేదు" అన్నాడు. వాడు చెప్పింది నిజమే. పాత క్యాలెండర్ కాగితం తిప్పి దాని వెనక నెల రోజుల స్కాన్లు రాయించాను. మొత్తం 19. ఒక్కటీ 400 దాటలేదు. 60 రూపాయల టిఫిన్, 150 పెట్టి ఫోన్ కవర్, ఒకరోజు ఫ్రెండ్‌తో రాగిసంకటి, నాటుకోడి పులుసు. కూడితే 2,500. వాడిది రూపే కార్డు, యూపీఐకి కలిపి ఉంది. టీ అంగడిలో స్కాన్ చేసినా డబ్బు పోయేది బ్యాంకు ఖాతా నుంచి కాదు, కార్డు నుంచి. ఆ సంగతి వాడు ఎప్పుడో మర్చిపోయాడు.

ఇప్పుడు లెక్క చూడండి. వాడి కార్డు వడ్డీ నెలకు 3.5 శాతం. మన భాషలో నూటికి మూడున్నర రూపాయల వడ్డీ. బజార్లో మూడు రూపాయల వడ్డీ అంటేనే వద్దు బాబూ అంటాం. 60,000కు ఒక నెల వడ్డీ 2,100. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 378. రెండూ కలిపి 2,478. కట్టిన 5,000లో ఇది పోగా అసలుకు చేరింది 2,522. కొత్తగా స్కాన్ చేసింది 2,500. నెలంతా కష్టపడి 5,000 కడితే బాకీలో తగ్గింది 22 రూపాయలు.

ఆ 22 కూడా నిలవలేదు. చాలామందికి తెలియని సంగతి ఇది. కార్డుకు 45, 50 రోజుల వరకు వడ్డీ ఉండదంటారు కదా, పోయిన బిల్లు మొత్తం కట్టినవాళ్ళకే అది. కొంత కట్టి కొంత మిగిల్చారంటే ఆ గడువు పోతుంది. ఆ తర్వాత కొన్న ప్రతిదానికీ కొన్న రోజు నుంచే వడ్డీ. ఆ 60 రూపాయల ఇడ్లీకి కూడా మూడున్నర రూపాయల వడ్డీ నడుస్తుంది.

"మినిమం డ్యూ కడుతున్నా కదా" అంటారు. బిల్లులో కనీసం ఇంత కట్టాలని చూపే ఆ మొత్తం లేటు ఫీజు పడకుండా, రికార్డు చెడకుండా కాపాడుతుంది. వడ్డీని ఆపదు.

కార్డు ఒక్కటే చెలమ కాదు. తాకట్టు నగ కూడా. బంగారం ధర పెరగ్గానే "మీ నగ మీద ఇంకో పదివేలు వస్తుంది" అని ఫోను చేస్తారు. వడ్డీ మాత్రం కట్టి మళ్ళీ అదే నగ పెట్టి పెంచి తెచ్చుకుంటాం. ఏళ్ళు గడుస్తాయి, నగ ఇంటికి రాదు. అంగట్లో అరువు పుస్తకం కూడా అంతే. ఒకటో తేదీన 3,000 కట్టి, ఆ సాయంత్రమే కొత్త పేజీ మొదలుపెడతాం.

నా సంగతి చెప్తాను. కార్డు వడ్డీ ఎక్కువని తక్కువ వడ్డీకి లోను తెచ్చి కార్డు మొత్తం కట్టేశాను. ఆ ఆలోచన మంచిదే, ఇప్పటికీ చెప్తాను. సంఘంలో రూపాయి వడ్డీకి దొరికితే తెచ్చి కార్డుకు కట్టడం తెలివైన పనే. కానీ ఆ రోజు నేను కార్డు లిమిట్ తగ్గించలేదు. "అవసరానికి ఉంటుందిలే" అనుకున్నాను. ఎనిమిది నెలలు తిరిగేసరికి లోను కంతు ఒకవైపు, మళ్ళీ నిండిన కార్డు ఇంకోవైపు. ఒక అప్పు రెండయింది. అందుకే తోడే ముందు ఊట కట్టేయాలి. ఎలాగంటే:

కార్డు కత్తిరిస్తే సరిపోదు. నంబరు యాప్‌లలో, యూపీఐలో బతికే ఉంటుంది. ముందు యూపీఐ యాప్ తెరిచి కార్డును అక్కడ నుంచి తీసేయండి. షాపింగ్, భోజనం, టికెట్ల యాప్‌లలో సేవ్ చేసిన చోటల్లా తీసేయండి. తర్వాత బ్యాంకు యాప్‌లో ఆన్‌లైన్ వాడకం, తాకితే పోయే చెల్లింపు, విదేశీ వాడకం అన్నీ ఆఫ్ చేయండి. ప్రతి కార్డుకూ ఈ మీటలు ఉండాలని రిజర్వ్ బ్యాంకు నియమం ఉంది, యాప్‌లో కార్డు సెట్టింగుల కింద దొరుకుతాయి.

అసలైన మందు దీని తర్వాతే. ఆఫ్ చేసిన మీట మళ్ళీ ఆన్ చేయడం ఎంతసేపు? కాబట్టి లిమిటే తగ్గించమని బ్యాంకుకు రాయండి. బాకీ 60,000 ఉంటే లిమిట్ 60,000కు దించమనండి. 5,000 కట్టాక బిల్లు చూసి మళ్ళీ దించమనండి. వాళ్ళు "ఎందుకు సార్, ఉంచుకోండి" అంటారు. వినకండి. మీరు ఒప్పుకోకుండా లిమిట్ పెంచకూడదని 2022 నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. పెంచుతామని మెసేజ్ వస్తే దాన్ని నొక్కకండి.

రోజువారీ ఖర్చుకు వారం డబ్బు నోట్లుగా తీసుకోండి. ఆ అబ్బాయికి సోమవారం 1,200 అనుకున్నాం. గురువారానికి పర్సులో వంద నోట్లు రెండే మిగిలితే టిఫిన్ ఇంట్లో చేసుకుని వెళ్ళాలని వాడికే తెలిసింది, ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. కొత్తగా ఏమీ గీకకుండా అదే 5,000 కడుతూ పోతే ఆ 60,000 తీరడానికి 17 నెలలు పడుతుంది. ఇంతకుముందు కట్టిందీ అదే 5,000. అప్పుడు దానికి అంతు లేదు.

నగకైతే, వడ్డీతో పాటు ప్రతిసారీ అసలులో కొంత కట్టి రసీదు మీద అసలు తగ్గిందా లేదా చూడండి. పెంచి ఇస్తామన్న ఫోనుకు వద్దు అని చెప్పండి. అంగడికి, పాత పేజీ కట్టిన రోజు నుంచి రొక్కమే.

అరుదైనవి

మీరు చేయని ఖర్చు బిల్లులో కనిపిస్తే వెంటనే బ్యాంకుకు చెప్పి కార్డు బ్లాక్ చేయించండి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. లోను యాప్‌వాళ్ళు బెదిరిస్తే కూడా 1930కే. బ్యాంకు వసూలు మనుషులు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. ఆన్‌లైన్ పందేలకు డబ్బు పోతుంటే, లేదా కొనకుండా ఉండలేక వణుకు పుట్టేంత టెన్షన్ వస్తుంటే ఈ లెక్కలేవీ చాలవు. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడండి, లేదా డాక్టర్‌ను కలవండి. సిగ్గుపడే సంగతి కాదు.

బాకీ సున్నా అయిన రోజు

బాకీ తీరిందని సంతోషంలో కార్డును బీరువాలో పడేయకండి. మూసేయమని రాతపూర్వకంగా అడగండి. బాకీ లేకుంటే 7 పని రోజుల్లో మూయాలి, ఆలస్యమైతే రోజుకు 500 రూపాయల చొప్పున బ్యాంకే మీకు కట్టాలి. ఆఖరి బిల్లు తర్వాత కొంత వడ్డీ మిగిలిపోయి ఉండొచ్చు, దాన్ని కూడా కట్టి, బాకీ ఏమీ లేదన్న కాగితం తీసుకోండి. మా వీధి అబ్బాయిది ఇంకా రాలేదు. పోయిన ఒకటో తేదీకి వాడి బాకీ 31,000 చిల్లర. లిమిట్ కూడా అంతే.