మెదడులో పరికరం గురించి అడిగే ముందు నోటుబుక్కు ఒకటి తీయండి

ఏళ్ల తరబడి గోలీలు మింగినా డిప్రెషన్ తగ్గని మనిషి ఇంట్లో ఉన్నప్పుడు, మెదడులో తీగలు అమర్చే ఆపరేషన్ (డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్) ఒకటి ఉందని ఎవరో చెబితే, మిర్యాలగూడ నుంచో నారాయణపేట నుంచో ఆ రోజే హైదరాబాద్ బస్సెక్కాలనిపిస్తుంది. అయితే అంతకంటే ముందు ఇంట్లోనే చేయవలసిన పని ఒకటి ఉంది.

పాత చీటీలు, ఖాళీ గోలీల షీట్లు దాచిన సంచిని కింద గుమ్మరించి, ప్రతి మందు పేరు, మోతాదు, ఎప్పుడు మొదలుపెట్టారో, ఎప్పుడు, ఎందుకు ఆపారో వరుసగా రాయండి. ‘ఎస్సిటాలోప్రామ్, 10 మిల్లీగ్రాములు, 3 వారాలు, కడుపులో తిప్పుతోందని మానేశాం’ అన్న వరుస చూడగానే, ఆ మందుకు తగిన గడువే దొరకలేదని మానసిక వైద్యునికి అర్థమవుతుంది. సరైన మోతాదులో 6 నుంచి 8 వారాల చొప్పున కనీసం 2 మందులు వాడినా గుణం కనిపించనప్పుడే దానిని మొండి డిప్రెషన్‌గా లెక్కిస్తారు. థైరాయిడ్ పరీక్ష ఫలితం, మద్యం అలవాటు, నిద్ర లేకున్నా అతిహుషారుగా గడిచిన రోజులు కూడా దాచకుండా రాయాలి. ఆ హుషారు, దిగులు మార్చి మార్చి వచ్చే బైపోలార్ జబ్బుకు గుర్తు కావచ్చు. అదే నిజమైతే మందుల దారే మారుతుంది.

ఈ తిరుగుడుకు నెలలు పడుతుంది. అంతవరకు పత్తి చేనుకు కొట్టే మందు డబ్బాలను ఇంట్లో ఉంచకండి. చావు మాట వినిపిస్తే ఏ వేళనైనా 14416కు, అంటే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక సహాయ కేంద్రానికి ఫోన్ చేసి, మనిషిని ఒంటరిగా వదలకుండా దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఆపరేషన్ కంటే ముందు అడగవలసినది ఈసీటీ, అంటే జనం కరెంటు షాకు అనే చికిత్స. సినిమాలు పుట్టించిన భయం పెద్దదే గానీ, మత్తు ఇవ్వకుండా దీన్ని చేయడాన్ని 2017 మానసిక ఆరోగ్య చట్టం నిషేధించింది. మర్రిగూడ వంటి చోట్ల ఫ్లోరైడ్ నీళ్లకు మెడ, వెన్ను బిగిసినవారు ఆ సంగతిని మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి.

ఇక ఆపరేషన్ విషయానికి వస్తే, పుర్రెకు చిన్న రంధ్రాలు చేసి మెదడులోకి సన్నని ఎలక్ట్రోడ్లు దించి, చర్మం కింద నుంచి తీగ లాగి, కాలరు ఎముక కింద, వాటికి సన్నని కరెంటు పంపే బ్యాటరీ పెడతారు. 2005లో టొరంటోలో డాక్టర్లు హెలెన్ మేబర్గ్, ఆండ్రెస్ లొజానో బృందం 6 మందికి దీనిని చేయగా 4 మందికి ఆరు నెలల తరువాత కూడా మేలు నిలిచింది. కానీ తరువాత అమెరికాలో 90 మందితో చేసిన పరీక్షలో, పరికరం ఆన్ చేసినవారికీ ఆఫ్‌లో ఉంచినవారికీ ఆరు నెలల వద్ద చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. విచిత్రమేమిటంటే, అందరికీ ఆన్ చేసి రెండేళ్లు చూసినప్పుడు దాదాపు సగం మంది మెరుగుపడ్డారు. అందువల్ల డిప్రెషన్‌కు ఇది ఇంకా పరిశోధన చికిత్సే. పక్కాగా నయమవుతుందని చెప్పి లక్షలు కట్టమనే చోటును నేనైతే నమ్మను. మెడలోని వేగస్ నరానికి తీగ చుట్టే పద్ధతికి అమెరికాలో 2005లోనే అనుమతి వచ్చింది, మెదడును తాకరు గానీ ఫలితానికి నెలలు పడుతుంది.

డాక్టరును సూటిగా అడగండి: ఇది పరిశోధనలో భాగమా, ఎథిక్స్ కమిటీ (పరిశోధనలో రోగికి అన్యాయం జరగకుండా చూసే సంఘం) అనుమతి ఉందా, రక్తస్రావం, ఇన్ఫెక్షన్ వస్తే ఖర్చు ఎవరిది, బ్యాటరీ మార్చడానికి ఎంతవుతుంది, సెట్టింగుల కోసం ఎన్నిసార్లు రావాలి? మానసిక రోగానికి మెదడు ఆపరేషన్ చేయాలంటే రోగి సమ్మతితోపాటు మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డు అనుమతి కూడా చట్టప్రకారం తప్పనిసరి. అన్న పెట్టిన సంతకం, భర్త వేసిన వేలిముద్ర అందుకు చాలవు.

పరికరం పెట్టించుకున్నాక దాని కార్డు ఎప్పుడూ జేబులో ఉండాలి, ఎంఆర్‌ఐ తీసే ముందు చూపించాలి. మన దగ్గర మోకాళ్ల నొప్పులకు ‘కరెంటు పెట్టించుకోవడం’ మామూలు. అందులో డయాథర్మీ అనే యంత్రం ఒంట్లోని తీగలను వేడెక్కించి మెదడును కాల్చగలదు, ప్రాణమూ తీయగలదు. కాబట్టి ఫిజియోథెరపీ గదిలో మంచమెక్కకముందే ఆ కార్డు చేతికివ్వండి.